పరాయి చేతిలో తాళంచెవి

2009 జూలైలో యూఏఈలో బ్లాక్‌బెర్రీ ఫోన్లు వాడేవాళ్లకు ఎతిసలాత్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. త్రీజీ నెట్‌వర్క్‌లో ఫోను ఇంకా బాగా పనిచెయ్యడానికి అప్‌డేట్ ఒకటి ఉంది, వేసుకోండి అన్నది అందులోని సంగతి. పంపింది ఊరూపేరూ లేని కంపెనీ కాదు. సిమ్ ఇచ్చింది వాళ్లే, నెలనెలా బిల్లు కట్టించుకునేదీ వాళ్లే. అనుమానించడానికి ఏముంది? వేసుకున్నారు. కాసేపటికే ఫోన్లు వేడెక్కడం మొదలుపెట్టాయి. నిండా చార్జింగ్ పెట్టినా పూట గడవకముందే బ్యాటరీ ఖాళీ.

ఖతర్‌లో ఉండే ఒక ప్రోగ్రామర్ ఆ అప్‌డేట్‌ని విప్పి చూశాడు. జావాలో రాసిన చిన్న ప్రోగ్రామ్ అది. దాని ఫోల్డర్ల పేర్లలోనే ‘ఎస్ఎస్8’ అనీ ‘ఇంటర్‌సెప్టర్’ అనీ ఉంది. ఎస్ఎస్8 కాలిఫోర్నియాలోని ఒక కంపెనీ. ఫోన్ సంభాషణల మీద నిఘా పెట్టే సాధనాలు తయారుచేయడం దాని వ్యాపారం. గూఢచారిని పంపుతూ చొక్కాకి ఉన్న నేమ్‌ప్లేట్ తియ్యడం కూడా మర్చిపోయారన్నమాట. ఆ ప్రోగ్రామ్ ఫోనులో చేరగానే ఒక సర్వర్‌కి హాజరు పలకాలి. తర్వాత ఆజ్ఞ వచ్చేదాకా కదలకుండా పడి ఉండాలి. ఆజ్ఞ వస్తే ఆ ఫోను నుంచి వెళ్లే ఈమెయిళ్ల నకళ్లు సర్వర్‌కి చేరవేయాలి. ఇదీ పథకం. తీరా వేల ఫోన్లు ఒక్కసారిగా హాజరు పలకబోయేసరికి సర్వర్ తట్టుకోలేకపోయింది. జవాబు అందని ఫోన్లు మళ్లీ మళ్లీ ప్రయత్నించాయి. ఆ ప్రయత్నాల్లోనే బ్యాటరీలు ఖాళీ అయ్యాయి. ఆ సర్వర్ ఇంకాస్త గట్టిదై ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదేమో.

ఫోను తయారుచేసిన కెనడా కంపెనీ రీసెర్చ్ ఇన్ మోషన్, ఈ అప్‌డేట్ మాది కాదు, మేము అనుమతించనూ లేదు అని ప్రకటించి, దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఎతిసలాత్ మాత్రం, టూజీ నుంచి త్రీజీకి మారేటప్పుడు ఇబ్బంది లేకుండా చెయ్యడానికే పంపామంది.

క్లౌడ్ గురించి చెప్పాల్సిన అధ్యాయంలో ఈ పాత ఫోన్ల గొడవ ఎందుకంటే, ఆ రోజుల్లో ఎన్‌క్రిప్షన్‌కి బ్లాక్‌బెర్రీయే పెట్టింది పేరు. ఈ వ్యవహారం మొత్తంలో ఆ ఎన్‌క్రిప్షన్ జోలికి ఎవరూ పోలేదు. పోవాల్సిన అవసరమే రాలేదు. ఈమెయిల్‌కి తాళం పడకముందే, ఫోను లోపలే నకలు తీసుకుంటే సరిపోతుంది. ఎన్‌క్రిప్షన్ గట్టిదా కాదా అన్నది గణితానికి సంబంధించిన ప్రశ్న. మనం అడగాల్సింది వేరే ఉంది: తాళంచెవి ఎవరి దగ్గరుంది? మన పరికరం మీద ఎవరి మాట చెల్లుతుంది?

తాళం ఒకటే, పెట్టేవాళ్లే వేరు

గణితం సంగతి తొందరగా ముగిద్దాం, అక్కడ పేచీ లేదు. ఇవాళ దాదాపు అన్ని క్లౌడ్ కంపెనీలూ వాడేది ఏఈఎస్ అనే పద్ధతి. ఇద్దరు బెల్జియం శాస్త్రజ్ఞులు రూపొందించిన దీన్ని అమెరికా 2001లో ప్రభుత్వ ప్రమాణంగా ప్రకటించింది. పద్ధతి అంతా బహిరంగమే. రహస్యమల్లా తాళంచెవి ఒక్కటే. 256 బిట్ల తాళంచెవి అయితే ప్రయత్నించి చూడాల్సిన అవకాశాల సంఖ్య 78 అంకెల పొడవుంటుంది. ఒక్కొక్కటే వేసి చూస్తూ పోతే భూమ్మీద ఉన్న కంప్యూటర్లన్నీ కలిసినా తెమిలే పని కాదు.

కాబట్టి దొంగలూ ప్రభుత్వాలూ తాళాన్ని వదిలేసి తాళంచెవి కోసం వెతుకుతారు. అది ఎక్కడుంటుందన్న దాన్ని బట్టే రక్షణలో తేడాలొస్తాయి. మొదటిది దారిలో రక్షణ. మీ ఫోను నుంచి కంపెనీ సర్వర్ దాకా సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది, అక్కడ విప్పుకుంటుంది. రెండోది నిల్వలో రక్షణ. సర్వర్‌లో కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, కానీ తాళంచెవి కంపెనీదే. హార్డ్ డిస్క్ ఎత్తుకుపోయిన దొంగకు ఏమీ దక్కదు. కంపెనీ తలుచుకుంటే, లేదా కోర్టు ఉత్తర్వు వస్తే, తీసి ఇవ్వగలదు. మూడోది ఎండ్ టు ఎండ్. తాళంచెవి మీ పరికరాల్లోనే పుడుతుంది, అక్కడే ఉంటుంది. కంపెనీ దగ్గర ఉండేది అర్థంకాని అంకెల కుప్ప.

దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో పడుకున్న మనవాడు మంచం కింద పెట్టెకి తాళం వేసుకుంటాడు. డూప్లికేట్ తాళంచెవి క్యాంప్ బాస్ దగ్గర ఉంటే అది రెండో రకం, లేకపోతే మూడో రకం. క్యాంప్ బాస్ ఎంత మంచివాడన్నది రెండో రకంలోనే పట్టించుకోవాల్సిన విషయం. మూడో రకంలో వాడి మంచితనంతో మనకు పనిలేదు.

గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్ మామూలుగా రెండో రకం. యాపిల్ ఐక్లౌడ్‌లో కొన్ని మూడో రకం. ఫొటోలు, బ్యాకప్ లాంటివి మామూలుగా రెండోదే. ఐక్లౌడ్‌లో తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. ఐమెసేజ్ సందేశాలు ఎండ్ టు ఎండ్ అని యాపిల్ చెబుతుంది, అది నిజం కూడా. కానీ మామూలు సెట్టింగ్స్‌లో ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే, ఆ సందేశాల తాళంచెవి కూడా బ్యాకప్‌లోకి వెళుతుంది. బ్యాకప్ తాళంచెవి యాపిల్ దగ్గర ఉంటుంది. ముందు గుమ్మానికి ఉక్కు తలుపు, దొడ్డిదారికి గడియ. యాపిల్ దీన్ని దాచిపెట్టలేదు, తన పత్రాల్లో రాసింది. చదివేవాళ్లేరి?

వాట్సాప్‌దీ ఇదే కథ. 2016 ఏప్రిల్ నుంచి మాటలూ మెసేజ్‌లూ ఎండ్ టు ఎండ్. కానీ గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్లే చాట్ బ్యాకప్‌కి ఆ రక్షణ 2021 అక్టోబర్ దాకా రాలేదు. వచ్చాక కూడా, మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి.

అబుదాబి అడిగింది, లండన్ అడిగింది

మళ్లీ బ్లాక్‌బెర్రీ దగ్గరికి. 2010 ఆగస్టు 1న యూఏఈ టెలికాం నియంత్రణ సంస్థ ఒక ప్రకటన చేసింది: బ్లాక్‌బెర్రీ మెసెంజర్, ఈమెయిల్, ఇంటర్నెట్ సేవలు అక్టోబర్ 11 నుంచి ఆపేస్తున్నాం. ఆ సమాచారం దేశం బయటి సర్వర్లకు పోతోంది, మా చట్టాలకు అందడం లేదు అన్నది వాళ్ల అభ్యంతరం. అప్పటికి దేశంలో దాదాపు 5 లక్షల మంది ఆ ఫోన్లు వాడుతున్నారు. గడువు మూడు రోజులుందనగా, అక్టోబర్ 8న, సేవలు మా నిబంధనలకు లోబడ్డాయి, ఇక ఆపడం లేదని అదే సంస్థ ప్రకటించింది. ఏమిచ్చి లోబడ్డారో కంపెనీ చెప్పలేదు, ప్రభుత్వమూ చెప్పలేదు.

ఆ కంపెనీ దగ్గర ఇవ్వడానికి ఏముందో మాత్రం ఊహించవచ్చు. పెద్ద ఆఫీసులు కొనుక్కునే బ్లాక్‌బెర్రీ సర్వర్లలో తాళంచెవి ఆ ఆఫీసుదే. కంపెనీ ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు. మామూలు జనం ఫోను నుంచి ఫోనుకు పంపుకునే పిన్ మెసేజ్‌లు అలా కాదు. వాటికి ఫోన్లన్నిట్లోనూ ఒకే తాళంచెవి వాడేవారు. అదీ ఎన్‌క్రిప్షనే, ఇదీ ఎన్‌క్రిప్షనే. బోర్డు మీద పేరు ఒకటే, కంపెనీ కూడా ఒకటే. మొదటిదాన్ని నమ్మడానికి కంపెనీతో పనిలేదు. రెండోదాన్ని నమ్మాలంటే కంపెనీ ఎన్నడూ తలొగ్గదని నమ్మాలి.

గల్ఫ్ ప్రభుత్వాలే ఇలా అడుగుతాయని అనుకుంటే పొరపాటు. యాపిల్ 2022 డిసెంబర్‌లో అమెరికాలోనూ, మరుసటి నెలలో మిగతా ప్రపంచానికీ అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ అనే సదుపాయం ఇచ్చింది. దాన్ని ఆన్ చేస్తే బ్యాకప్, ఫొటోలు, నోట్స్ అన్నీ మూడో రకానికి మారతాయి. ఈమెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్ మాత్రం ఇతర కంపెనీల సేవలతో కలిసి పనిచెయ్యాలి కాబట్టి మారవు. ఇది ఇంకా ముందే రావాల్సింది. ఎఫ్‌బీఐ అభ్యంతరం చెప్పాక బ్యాకప్‌లను పూర్తిగా ఎన్‌క్రిప్ట్ చేసే ఆలోచనను యాపిల్ పక్కన పెట్టిందని రాయిటర్స్ 2020 జనవరిలోనే రాసింది. ఇక 2025లో బ్రిటన్ ప్రభుత్వం ఆ రక్షణలోకి తనకు దారి ఇమ్మని రహస్య ఉత్తర్వు ఇచ్చిందన్న వార్త పొక్కింది. ఫిబ్రవరి 21న యాపిల్ బ్రిటన్‌లోని కొత్త వినియోగదారులకు ఆ సదుపాయాన్నే ఎత్తేసింది. దొడ్డితలుపు పెట్టలేదు, మంచిదే. కానీ నిన్నటిదాకా ఉన్న రక్షణ ఇవాళ లేదు.

డేటా సెంటర్ మనమున్న దేశంలోనే ఉంటే భద్రం కదా అని చాలామంది అంటారు. మైక్రోసాఫ్ట్ 2019లో దుబాయ్, అబుదాబిలలో క్లౌడ్ డేటా సెంటర్లు తెరిచింది. అమెజాన్ 2022లో యూఏఈలో తనవి ప్రారంభించింది. దీనివల్ల సేవలు వేగంగా అందుతాయి, బ్యాంకులకూ ఆసుపత్రులకూ నిబంధనలు పాటించడం సులువవుతుంది. రహస్యం మాట వేరు. 2018 నాటి అమెరికా క్లౌడ్ చట్టం ప్రకారం, అమెరికా కంపెనీ తన అధీనంలో ఉన్న సమాచారాన్ని, అది ఏ దేశంలో నిల్వ ఉన్నా, అమెరికా ఉత్తర్వు వస్తే ఇవ్వాల్సిందే. డిస్క్ దుబాయ్‌లో తిరుగుతుంటే దుబాయ్ చట్టమూ వర్తిస్తుంది. ఒక ప్రభుత్వం స్థానంలో రెండు. 2022 జనవరి నుంచి యూఏఈలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకొచ్చింది. కంపెనీల మీద అది మంచి అదుపే. ప్రభుత్వ సంస్థలకూ, భద్రతా సంస్థల దగ్గరుండే సమాచారానికీ అది వర్తించదు.

ఫోను చేజిక్కితే

2016 ఆగస్టులో అహ్మద్ మన్సూర్ ఐఫోనుకు వరసగా రెండు రోజులు ఎస్ఎమ్మెస్‌లు వచ్చాయి. జైళ్లలో చిత్రహింసల గురించి కొత్త రహస్యాలు ఇక్కడున్నాయంటూ ఒక లింకు. మన్సూర్ యూఏఈలో పేరున్న మానవహక్కుల కార్యకర్త. అంతకుముందే, 2011లోనూ 2012లోనూ, రెండు యూరప్ కంపెనీల నిఘా సాఫ్ట్‌వేర్‌కి గురైన మనిషి. అందుకే లింకు నొక్కకుండా టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కి పంపాడు. వాళ్లు ఒక ప్రయోగశాల ఫోనులో ఆ లింకు తెరిచి చూశారు. సఫారీ బ్రౌజర్ తెరుచుకుని, ఖాళీ పేజీ కనబడి, కొద్ది సెకన్లలో మూసుకుపోయింది. చూసేవాడికి అంతే. ఆ కొద్ది సెకన్లలో ఐఫోనులో అప్పటిదాకా ఎవరికీ తెలియని మూడు లోపాలు ఒకదాని వెనక ఒకటి వాడుకుని పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఫోనులో దిగింది. మొదటి లోపంతో బ్రౌజర్‌లోకి చొరబడటం, రెండోదానితో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ మెమరీలో ఎక్కడుందో కనిపెట్టడం, మూడోదానితో దాన్ని వశం చేసుకోవడం. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఏ రకమైనా ఒకటే. మీరు చదవగలిగేది మీ ఫోనే చదివి వాళ్లకు పంపుతుంది.

విషయం తెలిసిన పది రోజుల్లో, ఆగస్టు 25న, యాపిల్ ఐఓఎస్ 9.3.5 విడుదల చేసి మూడు లోపాలనూ పూడ్చింది. ఈ అప్‌డేట్ వచ్చిన దారి 2009 నాటి అప్‌డేట్ వచ్చిన దారి లాంటిదే: కంపెనీ పంపింది, జనం వేసుకున్నారు. అదే దారి ఒకసారి గూఢచారిని దించింది, ఇంకోసారి తరిమింది. అప్‌డేట్లు వేసుకోవద్దని సలహా ఇచ్చేవాళ్లు సగమే తెలిసినవాళ్లు. ఫోను తయారీదారు నుంచి వచ్చే అప్‌డేట్ వేసుకోకపోవడం, వేసుకోవడం కంటే చాలా ప్రమాదం. మన్సూర్‌ను 2017 మార్చిలో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది.

లింకు నొక్కకపోతే చాలనుకోవడానికీ లేదు. అమెరికా నిఘా సంస్థల్లో పనిచేసి మానేసినవాళ్లు అబుదాబిలో 2016, 2017ల్లో ‘కర్మ’ అనే సాధనంతో ఐఫోన్లలోకి చొరబడ్డారనీ, ఫోన్ నంబరో ఈమెయిల్ ఐడీయో ఇస్తే సరిపోయేదనీ రాయిటర్స్ 2019 జనవరిలో బయటపెట్టింది. ఫొటోలూ మెయిళ్లే కాదు, ఫోనులో దాచుకున్న పాస్‌వర్డ్‌లూ పోయాయి. వాళ్లలో ముగ్గురు 2021 సెప్టెంబర్‌లో అమెరికా న్యాయశాఖతో రాజీకొచ్చి 16.8 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. ఆ పని నడిపించిన డార్క్‌మ్యాటర్ అనే అబుదాబి కంపెనీయే, అదే కాలంలో, వెబ్‌సైట్లకు గుర్తింపు పత్రాలిచ్చే సంస్థగా తనను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో చేర్చుకోమని దరఖాస్తు పెట్టుకుంది. 2019 జూలైలో మొజిల్లా కాదంది. బ్రౌజర్‌లోని తాళం గుర్తు వెనక ఇలాంటి తీర్పులుంటాయి. ఎవరిని నమ్మాలో మన తరఫున ఎవరో కూర్చుని తేలుస్తుంటారు. మనకు కబురు కూడా ఉండదు.

అదే ఏడాది డిసెంబర్‌లో టోటాక్ అనే యాప్ గొడవ. అప్పట్లో యూఏఈలో వాట్సాప్ కాల్స్, స్కైప్ పనిచేసేవి కావు. డబ్బు కట్టి బోటిమ్ లాంటివి వాడుకోవాల్సి వచ్చేది. అలాంటి చోట ఉచితంగా వీడియో కాల్స్ ఇచ్చే యాప్ వస్తే ఎగబడరా? అది నిఘా సాధనమని అమెరికా అధికారుల మాటగా న్యూయార్క్ టైమ్స్ రాసింది, కంపెనీ ఖండించింది, గూగుల్, యాపిల్ తమ స్టోర్ల నుంచి తీసేశాయి. భద్రతా నిపుణులు విప్పి చూస్తే అందులో దొంగ కోడ్ ఏదీ కనబడలేదు. అవసరమే లేదు మరి. కాంటాక్ట్స్, లొకేషన్, మైక్, కెమెరా అన్నిటికీ జనమే ‘అనుమతిస్తున్నాను’ అని నొక్కారు.

కంపెనీ నిజాయితీగా ఉండి, ప్రభుత్వం అడగకపోయినా, పని చేతగాక చెడేవీ ఉన్నాయి. ఎండ్ టు ఎండ్ అని గొప్పగా చెప్పుకునే మెగా అనే క్లౌడ్ సేవలో, సర్వర్ నడిపేవాడు తలుచుకుంటే వినియోగదారుల తాళంచెవులు రాబట్టవచ్చని జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2022లో చూపించారు. 2024లో అక్కడివాళ్లే ఇంకో అయిదు సేవలు పరీక్షించి చాలావాటిలో తీవ్రమైన లోపాలు పట్టుకున్నారు. పాస్‌వర్డ్‌లు దాచే లాస్ట్‌పాస్ నుంచి 2022లో ఖాతాదారుల పెట్టెలే దొంగలపాలయ్యాయి. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. ఏయే వెబ్‌సైట్లకు ఖాతాలున్నాయో ఆ చిరునామాలు మాత్రం అయి లేవు.

జగిత్యాల నుంచి వెళ్లినవాడి క్లౌడ్

ఇప్పుడు మన్సూర్‌ని పక్కనబెట్టి, జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వెళ్లి అబుదాబి దగ్గరి ముసఫ్ఫాలో పనిచేసే మనిషి ఫోను చూద్దాం. పాస్‌పోర్ట్ ఫొటో, వీసా కాపీ, ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, లేబర్ కాంట్రాక్టు, ఊళ్లో బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల ఫొటోలు. పనివాడి పత్రాలు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని 2021 నాటి కార్మిక చట్టం చెబుతుంది. అయినా పాస్‌పోర్ట్ కంపెనీ బీరువాలో ఉన్నవాళ్లకు ఫోనులోని ఫొటోయే ఆధారం. ఆ ఫొటో పోతే ఎంబసీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఇతనికి పెగాసస్ భయం దాదాపు లేదు. లక్షల డాలర్ల సాధనం ఇతని మీద ఎవరూ ఖర్చుపెట్టరు. ఇతని కాగితాలు అసలు బయటికి పొయ్యేది, ప్రభుత్వ దరఖాస్తులు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌లో. వాట్సాప్‌లో పంపమంటారు, ఇతను పంపుతాడు, అక్కడి కంప్యూటర్‌లో అవి ఎన్నాళ్లు పడి ఉంటాయో ఎవరూ అడగరు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో రెండో ‘ఎండ్’ ఆ కంప్యూటరే.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. గూగుల్ ఖాతాకి యూఏఈ నంబరే ఇస్తాడు. వీసా రద్దయి ఇంటికొస్తాడు, సిమ్ ఆగిపోతుంది. కొత్త ఫోనులో లాగిన్ కాబోతే ఓటీపీ ఆ పాత నంబరుకు పోతుంది. కొన్నాళ్లకు టెలికాం కంపెనీ ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తుంది కూడా. ఫొటోలు క్లౌడ్‌లో క్షేమంగా ఉంటాయి, ఇతను బయట నిలబడతాడు. మూడో రకం రక్షణ పెట్టుకుని తాళంచెవి పోగొట్టుకుంటే పరిస్థితి ఇంకా కఠినం: కంపెనీ కాళ్లు పట్టుకున్నా ఉపయోగం ఉండదు, ఎందుకంటే వాళ్ల దగ్గర నిజంగానే తాళంచెవి లేదు. రక్షణ పనిచేస్తోందనడానికి రుజువు కూడా అదే.

అందుకని నా తీర్పు అందరికీ ఒకటి కాదు. ప్రభుత్వం పగబట్టిన మనిషికి ఏ క్లౌడూ చాలదు. మిగతావాళ్లు పోగొట్టుకుంటే కష్టమయ్యే కాగితాలను రెండో రకం క్లౌడ్‌లో పెట్టుకోవడంలో తప్పులేదు. అక్కడ కంపెనీ దగ్గరున్న డూప్లికేట్ తాళంచెవే ఒకనాటికి అక్కరకొస్తుంది. భార్యాభర్తల మాటలు, జబ్బుల రిపోర్టులు, యజమాని మీద ఫిర్యాదు కోసం దాచుకున్న రుజువులు మాత్రం మూడో రకంలోనే ఉండాలి. కంపెనీ విధానం పేజీలో ‘మేము చూడము’ అని రాసి ఉంటే అది మాట మాత్రమే, ‘మేము చూడలేము’ అని ఉంటేనే ఆగి చదవండి. ఆ మాటని బయటి పరిశోధకులెవరైనా పరీక్షించారా అని కూడా వెతకండి.

గల్ఫ్‌లో మీవాళ్లెవరైనా ఉంటే ఈ వారం ఫోన్ చేసినప్పుడు రెండు పనులు చేయించండి. గూగుల్ ఖాతాకి రికవరీ నంబరుగా ఇండియాలో నడుస్తున్న నంబరు పెట్టించండి. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయించి, అందులో 64 అక్షరాల తాళంచెవిని ఎంచుకోమని చెప్పి, తెర మీద కనిపించే ఆ తాళంచెవిని కాగితం మీద రాయించండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి అదే ఫోనులో దాచవద్దని మరీ మరీ చెప్పండి.